సవరణ: చూసి నేర్చేవారు, విని నేర్చేవారు

ఉద్యోగుల శిక్షణ మీద పోయిన వారం రాసిన పోస్టులో రెండు తప్పులు దొర్లాయి. చదివింది 10 శాతం, విన్నది 20 శాతం, చేసింది 90 శాతం గుర్తుంటుందని అమెరికా విద్యావేత్త ఎడ్గార్ డేల్ పేరు మీద లెక్క ఇచ్చాను. నేర్చుకునే అనుభవాలను అంచెలుగా చూపుతూ డేల్ 1946లో గీసిన శంకువు బొమ్మలో అసలు అంకెలే లేవు, అవి తర్వాత అతికించినవి. పదుల లెక్కన పేర్చినట్టున్న ఆ వరస చూసినప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

రెండోది పెద్ద తప్పు. కొత్తగా చేరినవాళ్లను చూసి నేర్చేవారు, విని నేర్చేవారు, చేసి నేర్చేవారు అని విడగొట్టి, ఒక్కో జట్టుకు ఒక్కో తీరులో పాఠం చెప్పమన్నాను. అలా చేస్తే మేలని చెప్పడానికి తగిన ఆధారం లేదని 2008లో హెరాల్డ్ పాష్లర్, మరో ముగ్గురు మనస్తత్వ శాస్త్రవేత్తలు అప్పటిదాకా వచ్చిన పరిశోధనలను జల్లెడపట్టి తేల్చారు. ఎవరి ఇష్టం వారికుంటుంది, నిజమే. కానీ ఫోర్క్‌లిఫ్ట్ నడపడం ఎవరైనా సీట్లో కూర్చునే నేర్చుకోవాలి. వైరింగ్ బొమ్మను ఎవరైనా కళ్లతో చూడాల్సిందే.

తేడా చూడాల్సింది, పని ముందే ఎంత తెలుసన్న దగ్గర. కొత్తవాళ్లకు మొదటి నుంచి చివరిదాకా చేసి చూపించాలి. చెయ్యి తిరిగినవాళ్లకు అదే విసుగు, అడ్డం కూడా. వాళ్లకు నేరుగా సమస్య ఇచ్చేయండి.

పాత పోస్టులోని పట్టిక తీసేశాను.