బెంచీ మీది క్వార్టర్‌బ్యాక్

2023 సెప్టెంబరు 11. అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు న్యూయార్క్ జెట్స్ ఆ సీజన్ మీద పెట్టుకున్న ఆశలన్నీ తమ క్వార్టర్‌బ్యాక్, అంటే దాడిని నడిపిస్తూ బంతి విసిరే ఆటగాడు, ఆరన్ రాడ్జర్స్ చుట్టూనే తిరిగాయి. తొలి మ్యాచ్‌లో నాలుగోసారి బంతి చేతికి వచ్చేసరికి అతని మడమ వెనుక స్నాయువు తెగింది. అతని స్థానంలోకి దిగినవాడు జాక్ విల్సన్. జట్లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్టులో 2021లో రెండో ఆటగాడిగా ఎంచుకుని, రెండేళ్లు ఆడించి, ఇక లాభం లేదనుకున్నాకే జెట్స్ రాడ్జర్స్‌ను తెచ్చుకుంది. ఎవరి మీద నమ్మకం పోయిందో అతనినే ఆపద సమయానికి అట్టిపెట్టుకుందన్న మాట. చివరికి ఏడు గెలుపులు, పది ఓటములు. దీన్నంతా దురదృష్టం ఖాతాలో వేయడానికి నాకు మనసొప్పదు.

అమెరికన్ ఫుట్‌బాల్‌లో మిగతా ఆటగాళ్లలో చాలామంది మ్యాచ్ పొడవునా మారుతూనే ఉంటారు. క్వార్టర్‌బ్యాక్‌ను మాత్రం గాయమో వైఫల్యమో తప్ప మార్చరు. అందుకే వారమంతా సాధనలో ప్రధాన జట్టుతో ఆడే అవకాశం దాదాపుగా మొదటివాడిదే. రెండోవాడు వచ్చే ఆదివారం ఎదురుపడబోయే ప్రత్యర్థి క్వార్టర్‌బ్యాక్ వేషం కడతాడు. కోచ్ కార్డు మీద గీసి చూపించిన ప్రత్యర్థి ఎత్తుగడ ప్రకారం బంతి విసిరి, తమ రక్షణ దళానికి సాధన చేయిస్తాడు. సొంత జట్టు ఎత్తుగడలను మాత్రం పుస్తకంలోనూ వీడియోలోనూ చూసి ఒంటపట్టించుకోవాలి. మ్యాచ్‌లో పిలుపు ఎప్పుడొస్తుందో తెలియదు. వచ్చాక హెల్మెట్‌లోని రేడియోలో కోచ్ చెప్పింది విని, పది మందికి అప్పజెప్పి, ఎదుటి వరుస ఎలా నిలబడిందో గమనించాలి. తర్వాతి ఎత్తుగడ మొదలుపెట్టడానికి ఇచ్చే గడువు గడియారంలో 15 సెకన్లు మిగలగానే ఆ రేడియో మూగబోతుంది.

మన క్రికెట్‌లో దీనికి దగ్గరగా ఉండేది రెండో వికెట్‌కీపర్ పని. 2021 నవంబరులో కాన్పూరు టెస్టులో సాహాకు మెడ పట్టేస్తే, విశాఖకు చెందిన కె.ఎస్. భరత్ గ్లవ్స్ తొడుక్కుని దిగి క్యాచ్‌లు పట్టాడు, స్టంపింగ్ కూడా చేశాడు. అయితే రంజీలో కీపింగైనా టెస్టులో కీపింగైనా పని ఒక్కటే. క్వార్టర్‌బ్యాక్ జట్టు మారితే ఎత్తుగడలను చెప్పుకునే భాషే మారిపోతుంది.

రెండోవాడిని ఎంచుకునేటప్పుడు జట్లు సాధారణంగా రెండు విషయాలు చూస్తాయి: ఎంత బాగా ఆడతాడు, ఎంతకు వస్తాడు. జీతాల మీద లీగ్ పరిమితి ఉంది కాబట్టి రెండోదే తరచుగా గెలుస్తుంది. నా దృష్టిలో అసలు చూడవలసింది వేరే ఉంది. అతనికి చేతనైన ఆటను మన కోచ్ ఆడించగలడా, అందుకు సిద్ధంగా ఉన్నాడా?

2011లో తమ క్వార్టర్‌బ్యాక్ పేటన్ మానింగ్ మెడ శస్త్రచికిత్సతో సీజన్ మొత్తానికీ దూరమైతే, ఇండియానాపొలిస్ కోల్ట్స్ రిటైరైన కెర్రీ కాలిన్స్‌ను ఆగస్టు చివర్లో బతిమాలి తెచ్చుకుంది. లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ ఆడినవాడు, అనుభవానికి లోటు లేదు. కానీ ఆ జట్టు ఆటతీరు 13 ఏళ్లుగా మానింగ్ ఒంటికి కొలతలు తీసి కుట్టిన చొక్కా. కాలిన్స్ మూడు మ్యాచ్‌లు ఆడి గాయపడ్డాడు, తర్వాత వచ్చినవారూ నిలదొక్కుకోలేదు. అంతకు ముందు ఏడాది పది గెలిచిన జట్టు ఆ ఏడాది రెండే గెలిచింది.

1972 మయామీ డాల్ఫిన్స్ కథ దీనికి తలకిందులు. ఇతర జట్టు వదిలేసిన 38 ఏళ్ల ఎర్ల్ మోరాల్‌ను కోచ్ డాన్ షూలా వంద డాలర్ల రుసుముకు తీసుకున్నాడు. బాల్టిమోర్‌లో ఉన్నప్పుడే అతన్ని ఆడించినవాడు కాబట్టి ఏం కొంటున్నాడో షూలాకు తెలుసు. మొదటి క్వార్టర్‌బ్యాక్ బాబ్ గ్రీసీ కాలు విరిగాక మోరాల్ జట్టును ఓటమి లేకుండా నడిపించాడు. సూపర్ బౌల్ నాటికి గ్రీసీ కోలుకుంటే తన చోటు తిరిగి ఇచ్చేశాడు.

అన్నిటికన్నా నేను మళ్లీ మళ్లీ తలచుకునేది ఫిలడెల్ఫియా ఈగల్స్‌ను. 2017 డిసెంబరులో మొదటి క్వార్టర్‌బ్యాక్ కార్సన్ వెంట్జ్ మోకాలి లిగమెంటు తెగితే నిక్ ఫోల్స్ వచ్చాడు. తొలుత జెయింట్స్ మీద బాగానే ఆడినా, తర్వాత అంతా సాఫీగా సాగలేదు. క్రిస్మస్ రాత్రి రైడర్స్ మీద గెలుపు ముక్కుతూ మూలుగుతూ వచ్చింది, ఆ తర్వాత డాలస్ చేతిలో 0-6తో ఓడారు. అప్పుడు కోచ్‌లు వెంట్జ్ ఆటను ఫోల్స్ నెత్తిన రుద్దడం తగ్గించారు. 2013లో ఇదే జట్టుకు ఆడుతూ అతను 27 టచ్‌డౌన్ (బంతిని ప్రత్యర్థి చివరి గీత దాటించి చేసే స్కోరు) పాస్‌లు వేసి రెండే పాస్‌లు ప్రత్యర్థికి వదిలాడు. ఆ రోజుల్లో అతనికి అలవాటైన, పరుగా పాసా అన్నది బంతి అందుకున్నాక తేల్చుకునే ఎత్తుగడలకు పెద్ద పీట వేశారు. ప్లేఆఫ్స్ అనే నాకౌట్ దశలో మిన్నెసోటా మీద 38-7. సూపర్ బౌల్‌లో పేట్రియట్స్ మీద 41-33. అందులో నాలుగో ప్రయత్నంలో తనే బంతి పట్టి టచ్‌డౌన్ చేసే ఎత్తుగడను కోచ్‌కు సూచించింది కూడా ఫోల్సే.

ఇక్కడ చాలామంది పట్టించుకోని సంగతి ఒకటుంది. ఆ ప్రధాన కోచ్ డగ్ పెడర్సన్ ఒకప్పుడు గ్రీన్ బేలో బ్రెట్ ఫావ్ర్ వెనుక బెంచీ మీద కూర్చున్నవాడు. దాడి వ్యూహాల బాధ్యుడు ఫ్రాంక్ రైక్, బఫెలోలో జిమ్ కెల్లీకి రెండోవాడు. 1993 జనవరిలో హ్యూస్టన్ మీద 3-35తో వెనుకబడిన జట్టును గట్టెక్కించింది ఈ రైకే. రెండోవాడికి ఏం తెలియదో, ఏం కావాలో వాళ్లకు ఇంకొకరు చెప్పనక్కర్లేదు.

తర్వాత జాక్సన్‌విల్ ఆ ఫోల్స్‌నే 2019లో నాలుగేళ్లకు 8.8 కోట్ల డాలర్ల ఒప్పందంతో మొదటి క్వార్టర్‌బ్యాక్‌గా తీసుకుంది. తొలి మ్యాచ్‌లోనే అతని కంటె ఎముక విరిగింది. ఆ ఏడాది అతను మొదలుపెట్టిన నాలుగు మ్యాచ్‌లూ ఆ జట్టు ఓడింది. గెలిచిన ఆరూ అతని బెంచీ మీది మనిషివే: డ్రాఫ్టు ఆరో రౌండులో దొరికిన గార్డ్‌నర్ మిన్‌షూ.