రికార్డు పగడాల మెసేజ్‌లో లేని సగం

“ఆస్ట్రేలియా గ్రేట్ బ్యారియర్ రీఫ్‌లో పగడాలు 36 ఏళ్లలో ఎన్నడూ లేనంత పెరిగాయి. భూతాపంతో పోతాయన్నది కట్టుకథ. కోట్ల ఏళ్ల నాటి పగడాలకు వేడి కొత్తా?” ఈ మెసేజ్ ఇంకా తిరుగుతూనే ఉంది.

మొదటి వాక్యం అబద్ధం కాదు, సగం నిజం. ఆస్ట్రేలియా సముద్ర విజ్ఞాన సంస్థ 2022 నివేదిక ప్రకారం ఆ రీఫ్ (పగడపు జీవులు సముద్రంలో కట్టిన దిబ్బ) ఉత్తర, మధ్య భాగాల్లో రికార్డు వచ్చింది. దక్షిణాన మాత్రం అప్పటికే తగ్గుతోంది. పెరిగినవాటిలో ఎక్కువ ఆక్రోపోరా రకాలు. కొమ్మల్లా, బల్లల్లా చకచకా ఎదుగుతాయి. తుపాను అలలకు ముందు విరిగేవి, ముళ్ల నక్షత్ర చేపలు ఇష్టంగా తినేవి, వేడికి తొందరగా తెల్లబడేవి కూడా ఇవే. కోనసీమలో తుపానుకు కొబ్బరి తోట పడిపోయిన చోట అరటి వేస్తే ఏడాదిలో నేలంతా పచ్చబడుతుంది. మళ్లీ గాలి వస్తే ముందు ఒరిగేదీ ఆ అరటే.

పగడాలకు ఆ గాలి 2024లో సముద్రపు వేడి రూపంలో వచ్చింది. 2025 నివేదికలో ఉత్తర భాగంలో పగడాల విస్తీర్ణం 39.8 నుంచి 30 శాతానికి, దక్షిణాన 38.9 నుంచి 26.9 శాతానికి పడిపోయింది. సర్వేలు మొదలయ్యాక ఆ రెండు చోట్లా ఒక్క ఏడాదిలో ఇంత తగ్గడం ఎప్పుడూ లేదు. ఈ నివేదికను ఎవరూ ఫార్వర్డ్ చేసినట్టు లేదు!

“మళ్లీ కోలుకుంటాయిగా” అంటారు. కోలుకుంటాయి, వ్యవధి దొరికితే. పగడానికి తిండి పెట్టేది దాని ఒంట్లో ఉండే నాచు. నీళ్లు మామూలు ఎండాకాలం కంటే ఒక్క డిగ్రీ పెరిగి వారాల తరబడి అలాగే ఉంటే పగడం ఆ నాచును బయటికి నెట్టేసి తెల్లబడుతుంది. త్వరగా చల్లబడితే బతుకుతుంది, లేకపోతే ఆకలితో చస్తుంది. రీఫ్ పెద్దఎత్తున తెల్లబడిన ఏళ్లు చూడండి: 1998, 2002, ఆ తర్వాత 2016, 2017, 2020, 2022, 2024, 2025. మధ్యలో ఊపిరి పీల్చుకునే టైమేదీ?

2016లోనే “రీఫ్ చచ్చిపోయింది” అని రాసేసినవాళ్లదీ తప్పే. ఇలాంటి మెసేజ్‌లకు బలమిచ్చింది ఆ తొందరే.

ఇక కోట్ల ఏళ్ల వాదన. 25 కోట్ల ఏళ్ల కిందట భూమి విపరీతంగా వేడెక్కినప్పటి మహా వినాశనంలో ఆనాటి రెండు ప్రధాన పగడపు వర్గాలూ పూర్తిగా అంతరించాయి. ఇప్పుడు రీఫ్‌లు కడుతున్నవి ఆ తర్వాత విస్తరించిన వేరే వర్గం. పారిశ్రామిక యుగానికి ముందుతో పోలిస్తే భూతాపం 1.5 డిగ్రీలు పెరిగితే ప్రపంచంలోని పగడపు దిబ్బల్లో 70 నుంచి 90 శాతం, 2 డిగ్రీలయితే 99 శాతానికి పైగా పోతాయని ఐక్యరాజ్యసమితి వాతావరణ నిపుణుల సంఘం 2018లో అంచనా వేసింది.