లింకు నొక్కినవాడిది కాదు తప్పు

తెలియని లింకు నొక్కొద్దు, ఓటీపీ చెప్పొద్దు, ఏపీకే ఫైలు దింపుకోవద్దు. అమలాపురం వెళ్లినా భీమవరం వెళ్లినా సైబర్ మోసాల మీద వినిపించే మాటలు ఇవే. మంచి మాటలే, కాదనను. కానీ వీటి అడుగున ఒక నమ్మకం ఉంది. మోసపోయినవాడు ఎక్కడో ఒకచోట తప్పటడుగు వేసే ఉంటాడని. నా అభ్యంతరం ఆ నమ్మకం మీద. ఓటీపీ ఎవరికీ చెప్పకుండా, ఏ ఫైలూ దింపుకోకుండా, ఒక పేజీ తెరిచినంత మాత్రాన ఫోను పరాయివాడి చేతికి చిక్కే దారి ఉంది. అది బ్రౌజర్‌లోని స్క్రిప్టు ఇంజిన్ గుండా పోతుంది.

వెబ్ పేజీల వెనక నడిచే ప్రోగ్రాములు రాసే భాష జావాస్క్రిప్ట్. దాన్ని 1995లో బ్రెండన్ ఐక్ పది రోజుల్లో తయారుచేసిన సంగతి చాలామంది విన్నదే. 2008లో క్రోమ్‌తో పాటు ఆ భాషను నడిపే ఇంజిన్ వీ8 వచ్చాక దానికి పరుగు వచ్చింది. ఇవాళ క్రోమ్‌లో, ఎడ్జ్‌లో, ఆండ్రాయిడ్ యాప్‌ల లోపల తెరుచుకునే వెబ్ పేజీల్లో నడిచేది ఆ వీ8నే. ఫైర్‌ఫాక్స్‌కి స్పైడర్‌మంకీ, సఫారీకి జావాస్క్రిప్ట్‌కోర్. పేర్లు ఏవైనా, ముక్కూమొహం తెలియని సర్వర్ పంపిన ప్రోగ్రామును మన ఫోనులో నడపడమే వీటి పని.

ఈ ఇంజిన్ అంత వేగంగా ఎలా నడుస్తుందో తెలిస్తే, కన్నం ఎక్కడ పడుతుందో కూడా తెలుస్తుంది. మండపేట పక్కన ఏదైనా రైస్ మిల్లును తలచుకోండి. వచ్చిన ప్రతి లారీలోనూ బస్తా విప్పి, గింజ నలిపి, తేమ 17 శాతం దాటిందేమో చూసి దింపించుకుంటారు. ఒకే కళ్లం నుంచి అదే స్వర్ణ ధాన్యం వంద లోడ్లు వచ్చాక గుమస్తా ఏం చేస్తాడు? నూట ఒకటోదాన్ని చూడకుండానే లోపలికి పంపేస్తాడు. పని చకచకా సాగిపోతుంది. ప్రోగ్రాము నడుస్తుండగానే దాన్ని యంత్రానికి నేరుగా అర్థమయ్యే మెషిన్ కోడ్‌గా మార్చే భాగం ఒకటుంది వీ8లో, జిట్ కంపైలర్ అని. అది చేసేదీ ఇలాంటి పనే. ఒక ఫంక్షన్ వందలసార్లు నడిచి, ప్రతిసారీ అంకెలే వస్తుంటే, ఇకమీదటా అంకెలే వస్తాయని లెక్క వేసుకుని, అక్కర్లేదనుకున్న తనిఖీలు తీసేసి మెషిన్ కోడ్ రాసుకుంటుంది. అంచనా తప్పితే ఆగి వెనక్కి రావడానికి అక్కడక్కడా కాపలా ఉంచుకుంటుంది. ఫలానా చోట ఆ కాపలా కూడా అక్కర్లేదని పొరపాటుపడిందా, దొంగకి దారి దొరికినట్టే. అంకె ఉండాల్సిన చోట మెమరీ చిరునామా దూరుస్తాడు, చిరునామా ఉండాల్సిన చోట తనకు కావాల్సిన అంకె పెడతాడు. టైప్ కన్ఫ్యూజన్ అని దీనికి పేరు. ఇది గట్టిగా కుదిరిందంటే, చూడకూడని మెమరీ చదవగలడు, రాయకూడని చోట రాయగలడు.

ఎప్పుడో ఒకసారి జరిగే వింత కాదిది. 2023 ఏప్రిల్, మళ్లీ జూన్, 2024 మే, 2025 జూన్, మళ్లీ సెప్టెంబర్. ప్రతిసారీ వీ8లో టైప్ కన్ఫ్యూజనే. ప్రతిసారీ గూగుల్ సవరణ విడుదల చేసేనాటికే ఎవరో దాన్ని వాడేస్తున్నారు. 2024 మేలో బయటపడినదానికి ఉత్తర కొరియా ముఠా ఒకటి ట్యాంకుల ఆట పేరుతో వెబ్‌సైటే కట్టింది. ఆట ఆడక్కర్లేదు, ఆ పేజీ తెరిస్తే చాలు. 2019 తర్వాత వీ8లో నమోదైన లోపాల్లో సుమారు 45 శాతం జిట్‌వేనని మైక్రోసాఫ్ట్ 2021లో లెక్క చెప్పి, ఎడ్జ్‌లో జిట్‌ను ఆపేసే పద్ధతిని పరీక్షకు పెట్టింది. పెద్ద దాడుల భయం ఉన్నవాళ్ల కోసం ఆపిల్ 2022లో తెచ్చిన లాక్‌డౌన్ మోడ్ కూడా జిట్‌ను ఆపేస్తుంది. కట్టినవాళ్లే ఇంత జంకుతున్న చోట, రాజోలు రైతుని జాగ్రత్తగా ఉండమని చెప్పి చేతులు దులుపుకోవడం న్యాయమా?

దీనికి ఎదురుమాట ఒకటుంది. ఇవి కోట్ల ఖరీదు చేసే ఆయుధాలనీ, దౌత్యవేత్తల మీదా విలేకరుల మీదా వాడతారు గానీ రొయ్యల చెరువు రైతు మీద ఎందుకు వాడతారనీ, పైగా ఇంజిన్‌లో కన్నం పడినా చుట్టూ శాండ్‌బాక్స్ అనే మరో ప్రహరీ ఉందనీ అంటారు. ఆ ప్రహరీ ఉన్నమాట నిజమే, దాన్ని దూకడానికి ఇంకో కన్నం కావాలి. ఆయుధం కొత్తగా ఉన్నన్నాళ్లూ ఖరీదన్నదీ నిజమే. ఆ తర్వాతి మాటే వాళ్లు చెప్పరు.

వీ8 కోడ్ అందరికీ తెరిచి ఉంటుంది. సవరణ అందులో చేరిన క్షణం నుంచి, ఎక్కడ ఏం మార్చారో చదివి కన్నం ఎక్కడుండేదో కనిపెట్టొచ్చు. అంటే సవరణ వచ్చిన రోజు, అది అందినవాడికి ప్రమాదం తీరే రోజు, అందనివాడికి మొదలయ్యే రోజు. ఈ వ్యవధి తగ్గించడానికే 2023 ఆగస్టు నుంచి క్రోమ్ వారం వారం భద్రతా సవరణలు ఇస్తోంది. 2023 నవంబర్ నుంచి 2024 జూలై మధ్య మంగోలియా ప్రభుత్వ వెబ్‌సైట్లలోనే దుండగులు ఇలాంటి ఉచ్చులు దాచారు. అప్పటికే సవరణలు వచ్చేసిన లోపాలవి. నిఘా సాఫ్ట్‌వేర్ అమ్మే కంపెనీలు ముందు వాడినవాటికి అచ్చు పోలికగా ఉన్నాయని గూగుల్ పరిశోధకులు తేల్చారు. ప్రభుత్వ సైటు తెరిచినవాడు ఏ తప్పు చేశాడు? పాత ఫోను ఉండటమే అతని నేరమా?

ఇక మన సంగతి. 2025 ఆగస్టులో వచ్చిన 139వ వెర్షన్ నుంచి క్రోమ్‌కి ఆండ్రాయిడ్ 10 ఉండి తీరాలి. 8, 9 ఉన్న ఫోన్లు 138 దగ్గరే ఆగిపోయాయి. కూతురు కొత్త ఫోను కొనుక్కుంటే పాతది అమ్మకి, అమ్మ నుంచి పాలేరుకి వెళ్లే ఊళ్లు మావి. ధాన్యం సొమ్ము పడిందో లేదో చూసుకునేది ఆ ఫోన్లలోనే. మా వైపు ఒక నెట్ సెంటర్లో మొన్న నా కళ్లారా చూశాను, ఇంకా విండోస్ 7. ఆ విండోస్‌కి క్రోమ్ 109తోనే సరి, 2023 ఫిబ్రవరి నుంచి కొత్త వెర్షన్ లేదు. దాని ముందు ఆధార్ కాగితాలు, పాస్‌బుక్కులు పట్టుకుని పదిమంది వరస కట్టి ఉన్నారు. కాగితం మీద సాగే పనిని బ్రౌజర్లోకి నెట్టింది ప్రభుత్వం. ఆ బ్రౌజర్ ఏ స్థితిలో ఉందో చూసే బాధ్యత మాత్రం ఎవరూ తీసుకోలేదు.

డెల్టావాళ్లకి ఈ బాధ్యత ఏమిటో ఒకరు చెప్పక్కర్లేదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి మన బతుకు గట్టు మీదే నిలబడింది. గండి ఎప్పుడూ పెద్దదిగా పుట్టదు. పీత బొరియో, ఎలుక కన్నమో, అందులోంచి సన్నగా ఊట. గట్టు వెంట నడిచే లస్కరు చూసి గుప్పెడు మట్టి కొడితే ఆ పూటతో సరి, చూడకపోతే తెల్లారేసరికి చేలు మునుగుతాయి. 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కుల వరద వచ్చి గట్లు తెగినప్పుడు, కింద ఇల్లు కట్టుకున్నవాడిదే తప్పని ఎవరూ అనలేదు. గట్టు సంగతేమిటని ప్రభుత్వాన్ని నిలదీశాం. అలాంటిది ఇవాళ కాలువల మీదా ఆ పట్టు సడలింది. రిటైరైన లస్కరు చోటులోకి కొత్తవాడు రాడు. వేసవిలో కాలువలు కట్టేసిన నెలన్నరలో చేయాల్సిన పూడికతీత, నీళ్లు వదిలే ముందు వారం హడావుడిగా మొదలవుతుంది. శంకుస్థాపనకి వచ్చే నాయకుడు మరమ్మతుకి రాడు, మరమ్మతుకి శిలాఫలకం ఉండదు కాబట్టి. ఆ చిన్నచూపే ఇప్పుడు కంప్యూటర్ల దాకా పాకింది. యాప్ ప్రారంభోత్సవానికి వేదిక కడతారు, అది నడిచే యంత్రానికి సవరణలు అందుతున్నాయో లేదో అడిగే నాథుడు లేడు.

యూరప్‌లో 2025 జూన్ 20 నుంచి అమలైన నిబంధనల ప్రకారం, ఒక మోడల్ అమ్మకం ఆపాక కూడా కనీసం అయిదేళ్లు కంపెనీ సాఫ్ట్‌వేర్ సవరణలు ఇవ్వాలి. అలాంటి చట్టం మనకీ కావాలి. ఎప్పటిదాకా సవరణలు వస్తాయో పెట్టె మీద తెలుగులో అచ్చు వేయాలి, పురుగుమందు డబ్బా మీద గడువు తేదీ వేసినట్టు. ఢిల్లీలో అది తేలేలోగా ఇక్కడ కలెక్టర్లు చేయగలిగింది ఒకటుంది. వచ్చే ధాన్యం కొనుగోళ్లు మొదలయ్యేలోపు సచివాలయాల్లో, రైతు సేవా కేంద్రాల్లో, ప్రభుత్వ లైసెన్సుతో నడిచే ప్రతి నెట్ సెంటర్లో ఏ యంత్రం ఏ వెర్షన్ మీద ఉందో రాయించాలి. సవరణలు ఆగిపోయినవాటిని వరసలోంచి తీసేసి, కొత్తవి వచ్చేదాకా ఆ పని కాగితం మీదే తీసుకోవాలి.