ఎవులడిగినారు బాబూ నన్ను?

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో మా ఊరికి 2021లో అందరం చందాలేసుకుని వాటర్ ప్లాంటు పెట్టించాం. ఇప్పుడు దానికి తాళం వేలాడుతోంది.

నిర్ణయం జరిగిన రాత్రి జూమ్‌లో పద్నాలుగు మందిమి రెండు గంటలు మాట్లాడుకున్నాం. కిడ్నీ జబ్బుతో ఎవరింట్లో ఎవరు పోయారో, నీళ్లు ఎంత చెడ్డవో. (నీళ్లే కారణమని ఇప్పటికీ తేలలేదు, అది వేరే సంగతి.) అందరికీ తెలిసినవే అందరం చెప్పుకున్నాం. శిలాఫలకం మీద పేర్ల వరసకే ముప్పావు గంట పట్టింది.

హిరమండలం రిజర్వాయర్ నుంచి ఉద్దానానికి వేస్తున్న పైపులైను మా వీధికీ వస్తుందని డల్లాస్‌లో ఉన్న మా బావకు తెలుసు. మేం అనుకున్న జాగా మీద దాయాదుల తగువుందని ఇంకొకాయనకు తెలుసు. పక్కూరి ప్లాంటు ఫిల్టర్లు మార్చే దిక్కులేక మూలపడిందని ఊళ్లోనే ఉన్న మా పిన్నికి తెలుసు. ఈ మూడూ ఒక్కచోట పడుంటే ఆ డబ్బు ఇంకో పనికి వెళ్లేది. తర్వాత పిన్నిని అడిగితే, "ఎవులడిగినారు బాబూ నన్ను?" అంది. బావ జవాబు ఇంకా ఘోరం: "మీకందరికీ తెలుసనుకున్నాను."

2023 డిసెంబరులో ఆ పైపులైను మంచినీటి పథకం ప్రారంభమైంది.

1985లో స్టాసర్, టైటస్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు విద్యార్థులను నలుగురేసి కూర్చోబెట్టి, ముగ్గురు అభ్యర్థుల్లో ఒకరిని ఎంచమన్నారు. వివరాలన్నీ అందరికీ ఇచ్చినప్పుడు 80 శాతానికి పైగా జట్లు మేలైన అభ్యర్థినే పట్టుకున్నాయి. అవే వివరాలు తలా కొన్ని పంచినప్పుడు నాలుగో వంతు జట్లు కూడా పట్టలేకపోయాయి. ఉమ్మడిగా తెలిసినదాని చుట్టూ తిరిగి, ఒక్కరి చేతిలో ఉన్న ముక్కను వదిలేశారు. మా జూమ్ అచ్చం ఇదే.

మన మీటింగుల్లో మొదట పెద్ద దాత మాట్లాడతాడు. ఆయన మొగ్గు ఎటో తెలిశాక మిగతావాళ్లం వంత పాడతాం. నా పట్టు ఇదీ: ఎవరు ఎటో చెప్పకముందే, ఒక్కొక్కరూ తమకు మాత్రమే తెలిసిందేమిటో చెప్పాలి. దాతలు చివర్న మాట్లాడాలి. ఊళ్లో ఉన్న మనిషి లైన్లో లేకుండా ఊరి పని తేల్చకూడదు. టైము దండగ అంటారేమో, ఫలకానికి ముప్పావు గంట ఇచ్చినవాళ్లం మనమే కదా!

వచ్చే నెల బడి ప్రహరీ గోడ గురించి కూర్చుంటున్నాం. మొదటి మాట పిన్నిది. ఫలకం సంగతి అజెండాలో అట్టడుగున పెట్టాను. అందుకు ఇద్దరు నాతో మాట్లాడ్డం మానేశారు.