జీతమూ అక్కడే, పెట్టుబడీ అక్కడే

టీసీఎస్‌ సుమారు 12 వేల మంది ఉద్యోగులను తగ్గించుకుంటామని 2025 జులైలో ప్రకటించింది. సెప్టెంబరులో అమెరికా కొత్త హెచ్‌-1బీ దరఖాస్తుల మీద లక్ష డాలర్ల రుసుము విధించింది. ఇటువంటి వార్త వెలువడినప్పుడల్లా మారతహళ్లి, వైట్‌ఫీల్డ్, సర్జాపుర రోడ్డు ప్రాంతాల్లోని తెలుగు ఇళ్లలో ఒకే మాట వినిపిస్తోంది: ఉద్యోగం ఉండగానే లోన్‌ దొరుకుతుంది, ఇప్పుడే ఇంకో ఫ్లాటో సైటో (ఇంటి స్థలమో) కొని పడేస్తే రేపు అదే ఆదుకుంటుంది. అనంతపురం, కడప, చిత్తూరు, నెల్లూరు జిల్లాల నుంచి వచ్చి బెంగళూరులో స్థిరపడిన వారికి భూమి మీద గురి తాతముత్తాతల నాటిది, దాన్ని తప్పుపట్టలేం. తలదాచుకోవడానికి కొనే మొదటి ఇంటిని గురించి ఇక్కడ పేచీ లేదు. అప్పు చేసి, కేవలం పెట్టుబడిగా, ఉద్యోగం చేస్తున్న ఊళ్లోనే కొనే రెండో ఆస్తి కష్టకాలంలో గట్టెక్కిస్తుందన్న లెక్కే సరిగా లేదు.

తూర్పు బెంగళూరులో ఐటీ ఉద్యోగి కొన్న ఫ్లాటుకు ఈఎంఐ కట్టేది ఐటీ జీతం. అందులో అద్దెకు దిగేది మరో ఐటీ ఉద్యోగి. అవసరం పడి అమ్మజూపితే కొనగలిగేదీ చాలావరకు ఐటీ ఉద్యోగే. ఈ ముగ్గురి ఆదాయమూ ఒకే రంగం నుంచి వస్తున్నందువల్లనే మంచి రోజుల్లో ఇక్కడి ధరలు అంత జోరుగా పెరిగాయి. ఆ రంగం తడబడితే జీతం, అద్దె, గిరాకీ మూడూ ఒకేసారి దెబ్బతింటాయి. 2020లో ఇంటి నుంచి పని మొదలై జనం సొంతూళ్లకు వెళ్లిపోయినప్పుడు ఐటీ కారిడార్‌లో ఇంటింటికీ టు-లెట్‌ బోర్డులు వేలాడాయి. అప్పుడు అద్దెలు పడిపోయినా జీతాలు చాలామందికి ఆగలేదు కాబట్టి ఈఎంఐలు గడిచిపోయాయి. ఇప్పటి భయం ఆ జీతాన్ని గురించే.

కోటి రూపాయల ఫ్లాటు లెక్క ఒకటి చూద్దాం. సొంత డబ్బు పాతిక లక్షలు పెట్టి, 75 లక్షలు 8.5 శాతం వడ్డీకి 20 ఏళ్ల గడువుతో తీసుకుంటే నెలకు దాదాపు 65 వేలు కట్టాలి. మొదటి నెల కట్టే ఆ 65 వేలలో 53 వేలకు పైగా వడ్డీకే పోతుంది. అద్దె 30 వేలు వచ్చిందనుకున్నా, మెయింటెనెన్స్, ఆస్తి పన్ను లెక్కలోకి రాకముందే నెలనెలా 35 వేలు చేతి నుంచి పడుతుంది. నిర్మాణంలో ఉన్న ఫ్లాటయితే 5 శాతం జీఎస్టీ అదనం. కర్ణాటకలో ఈ ధర ఆస్తికి స్టాంపు డ్యూటీ 5 శాతం. రిజిస్ట్రేషన్‌ రుసుమును 2025 ఆగస్టు 31 నుంచి ఒక శాతం నుంచి 2 శాతానికి పెంచారు. సెస్సు, సర్‌చార్జీ వేరే. అంటే నిర్మాణంలో ఉండగా కొన్న ఫ్లాటు ధర 12 శాతానికి పైగా పెరిగితే గానీ పెట్టిన డబ్బు వెనక్కి రాదు. పన్ను ఆదా అన్న పాత ఆకర్షణ కూడా ఇప్పుడు పలచబడింది. కొత్త పన్ను విధానంలో, అద్దెను మించిన వడ్డీని జీతం ఆదాయం నుంచి మినహాయించుకునే వీలు లేదు. పాత విధానంలోనూ అది ఏడాదికి 2 లక్షలకే పరిమితం. 2024 జులై 23 తర్వాత కొన్న ఆస్తిని అమ్మినప్పుడు ద్రవ్యోల్బణం మేరకు కొన్న ధరను పెంచి చూపే వెసులుబాటు పోయి, దీర్ఘకాలిక లాభం మీద నేరుగా 12.5 శాతం పన్ను పడుతుంది.

వడ్డీ రేట్లు తగ్గాయి కదా అనేవారున్నారు. నిజమే, 2025లో రిజర్వు బ్యాంకు, ఇంటి రుణాల వడ్డీకి ఆధారమైన రెపో రేటును 6.5 శాతం నుంచి దశలవారీగా తగ్గించింది. అంతకుముందు 2020లో అది 4 శాతానికి దిగినప్పుడు చౌక అని అప్పు చేసినవారు 2023 ఫిబ్రవరి నాటికి 6.5 శాతం రెపోను మోయవలసి వచ్చింది. ఈఎంఐ మారలేదని నిశ్చింతగా ఉన్న చాలామందికి గడువు ఏళ్ల తరబడి సాగిపోయిన సంగతి ఆలస్యంగా తెలిసింది. ఈఎంఐ పెంచుకోవాలా, గడువు పెంచుకోవాలా అన్నది రుణగ్రహీతనే అడగాలని ఆ ఏడాది ఆగస్టులో రిజర్వు బ్యాంకు బ్యాంకులకు ప్రత్యేకంగా చెప్పవలసి వచ్చింది.

ఫ్లాటు భారమనుకున్నవారు సైట్ల వైపు చూస్తున్నారు. హొసకోటె, ఆనేకల్, దేవనహళ్లి వైపు లేఅవుట్లలో ఆదివారం తంతు అందరికీ తెలిసిందే: ఇంటి ముందుకే వచ్చే ఏజెంటు కారు, గేటు దగ్గర షామియానా, చక్కటి తెలుగులో పలకరించే కుర్రాడు, గోడ మీది ప్లానులో సగం సైట్లకు అప్పటికే అంటించిన ఎర్ర స్టిక్కర్లు, ఇవాళ టోకెన్‌ ఇస్తేనే ఈ రేటన్న తొందర. కాగితాలన్నీ కన్నడంలో ఉంటాయి. లిపి దగ్గరిదే కాబట్టి కూడబలుక్కుని చదివి, అర్థమైందని సరిపెట్టుకుంటారు. ఈ-ఖాతా (స్థానిక సంస్థ ఇచ్చే ఆస్తి నమోదు పత్రం) ఉందంటే ఇక చూడనక్కర లేదన్న భ్రమ ఒకటి బలంగా ఉంది. ఈ-ఖాతాలోనూ అనుమతులన్నీ సక్రమంగా ఉన్నవాటికిచ్చే ఏ ఖాతా, లోపాలున్నవాటికిచ్చే బీ ఖాతా రెండూ ఉన్నాయి. బీ ఖాతా ఆస్తికి చాలా బ్యాంకులు రుణం ఇవ్వవు కాబట్టి రేపు అమ్ముదామన్నా చేతిలో పూర్తి సొమ్ము ఉన్నవాడే కొనాలి. సాగు భూమికి డీసీ కన్వర్షన్‌ (వ్యవసాయేతర వాడకానికి డిప్యూటీ కమిషనరు ఇచ్చే అనుమతి) జరిగినంత మాత్రాన అక్కడి లేఅవుట్‌కు ప్లానింగ్‌ అథారిటీ ఆమోదం ఉన్నట్టు కాదు. ఊళ్లో పొలం అమ్మి ఇక్కడ ఇటువంటి సైటు కొంటున్నవారు, తరతరాలుగా హద్దురాళ్లతో సహా తెలిసిన భూమిని వదులుకుని ఈసీ (ఆస్తి మీది లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్‌ సర్టిఫికెట్‌) ఒకటి చూసి నమ్మిన భూమిని తీసుకుంటున్నారు.

రేపు రాబోయే రోడ్డును చూపించి ఇవాళే ధర రాబట్టడం ఈ నగరంలో పాత విద్య. పెరిఫెరల్‌ రింగ్‌ రోడ్డు ఇరవై ఏళ్లుగా కాగితాల మీద నడుస్తోంది. ఆ మార్గంలో నోటిఫై అయిన భూములను యజమానులు స్వేచ్ఛగా అమ్ముకోలేక, పరిహారం అందుకోలేక నలిగిపోయారు. శివరామ కారంత లేఅవుట్‌ కోసం భూసేకరణకు బెంగళూరు అభివృద్ధి ప్రాధికార సంస్థ (బీడీఏ) 17 గ్రామాల్లో తొలి నోటిఫికేషన్‌ ఇచ్చింది 2008లో; సుప్రీంకోర్టు ఆదేశించాక తుది నోటిఫికేషన్‌ వచ్చింది 2018లో. ఆ పదేళ్ల మధ్య అక్కడ సైట్లు కొని ఇళ్లు కట్టుకున్నవారు, తమ ఇల్లు ఉంటుందో పోతుందో తేల్చుకోవడానికి న్యాయస్థానం వేసిన కమిటీ ముందు కాగితాలు పట్టుకుని నిలబడవలసి వచ్చింది.

చట్టం రక్షణ ఇస్తుంది గానీ పెట్టుబడిదారుకు అది అంతకంతకూ పలచబడుతోంది. స్థిరాస్తి నియంత్రణ చట్టం (రెరా) ప్రకారం రిజిస్ట్రేషన్‌ లేని ప్రాజెక్టును అమ్మడమే నేరం. రిజిస్టరు చేసిన ఒప్పందం లేకుండా ధరలో పది శాతానికి మించి తీసుకోరాదు. కొనుగోలుదారుల నుంచి వచ్చిన సొమ్ములో 70 శాతం విడి ఖాతాలో ఉంచాలి. అయినా రిజిస్ట్రేషన్‌కు ముందే ప్రీ-లాంచ్‌ పేరుతో వసూళ్లు బాహాటంగా సాగుతున్నాయి. బైబ్యాక్, హామీ రాబడి ఒప్పందాలతో కేవలం లాభం కోసం ఫ్లాటు కొన్నవారు బిల్డరు మీద దివాలా ప్రక్రియను కోరలేరని 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తేల్చిచెప్పింది. నెలనెలా ఇంత ఇస్తాం, మూడేళ్లకు మేమే తిరిగి కొంటాం అన్న మాట విని సంతకం చేసేవారు ఈ తీర్పును ముందే తెలుసుకోవాలి.

అప్పు లేకుండా, పదేళ్లు కదపనక్కరలేని డబ్బుతో, న్యాయవాదితో పత్రాలు చూపించుకుని కొనేవారికి ఈ అభ్యంతరాల్లో చాలా వర్తించవు. మిగిలినవారికి ఈ పత్రిక చెప్పగలిగింది ఒకటే: జీతం ఏడాదిపాటు ఆగినా ఇల్లు గడిచి, ఈఎంఐ కట్టగలిగే సొమ్ము బ్యాంకులో పోగుపడేదాకా రెండో ఆస్తికి టోకెన్‌ ఇవ్వకండి. ప్రభుత్వం చేయవలసిందీ ఉంది. రుసుము పెంచడంలో చూపిన చురుకు, రెరా ఇచ్చిన వాపసు ఆదేశాలను వసూలు చేయడంలో డిప్యూటీ కమిషనర్ల కార్యాలయాలు చూపడం లేదు. ఆదేశం చేతికొచ్చాక కూడా సొమ్ము కోసం ఏళ్ల తరబడి తిరుగుతున్న కుటుంబాలున్నాయి. ఏ ప్రాంతంలో ఏ ఫ్లాటు నిజంగా ఎంతకు రిజిస్టరైందో ఎవరైనా చూసుకునేలా కర్ణాటక రిజిస్ట్రేషన్ల కావేరి పోర్టల్‌లోనే పెడితే, బ్రోషర్‌ రేటుకూ అసలు రేటుకూ మధ్య తేడా టోకెన్‌ ఇవ్వకముందే తెలిసిపోతుంది.