ఆవు పొట్టలో పెత్తనం ఎవరిది?

(బావ పశువుల జాతి అభివృద్ధిలో పనిచేస్తాడు. పశువు కడుపులో ఏ బ్యాక్టీరియా ఉండాలో దాని జన్యువులే తేలుస్తాయంటాడు. దాణా వ్యాపారం చేసే బావమరిది రవి అస్సలు ఒప్పుకోడు.)

రవి: మేత మార్చి చూడు బావా, లోపలి బ్యాక్టీరియా కూడా మారిపోతుంది. ఇక జాతికి పనేముంది?

బావ: 2010లో అమెరికాలో ఏం చేశారో విను. పొట్ట పక్కన రంధ్రం చేసి మూత బిగించిన పాడి ఆవులు. మూత తీసి, ఒకదాని పొట్టలోది దాదాపు మొత్తం తోడి రెండోదాంట్లో పోశారు, దానిది దీంట్లో. వారాలు గడిచేసరికి దేని పాత బ్యాక్టీరియా దానికి మళ్లీ పెరుగుతూ వచ్చింది.

రవి: ఎన్ని ఆవుల్లో? వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. పైగా అది జన్యువే అని ఏంటి గ్యారంటీ? దూడప్పుడు ఏం అంటుకుందో!

బావ: సరే, పందుల్లో చూద్దాం. మనలాగే వాటికీ ఎ, ఓ బ్లడ్ గ్రూపులున్నాయి. ఆ జన్యువులో ఒక ముక్క ఎగిరిపోతే ఓ గ్రూపు. అప్పుడు పేగులో ఒక రకం చక్కెర తగ్గుతుంది, దాన్ని తిని బతికే బ్యాక్టీరియా కూడా తగ్గుతుంది. చైనాలో జియాంగ్సీ వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్లు 2022లో చూపించారు. ఏ దారిలో జరుగుతుందో కూడా తెలిసిపోయింది, ఇంకేం కావాలి?

రవి: ఒక్క జన్యువు, ఒక్క బ్యాక్టీరియా కుటుంబం! మన ప్రకాశం జిల్లాలో వేసే సుబాబుల్ ఉంది చూడు, ఆస్ట్రేలియాలో అది ఎక్కువగా మేసిన పశువులకు వెంట్రుకలు రాలేవి, గొంతు వాచేది. హవాయిలో మేకలు అదే ఆకు తిని నిక్షేపంగా ఉండేవి. 1980ల్లో ఆ మేకల పొట్టలోని బ్యాక్టీరియా తెచ్చి ఎక్కిస్తే ఆస్ట్రేలియా పశువులూ అరిగించుకున్నాయి. జన్యువులేమైనా మారాయా?

(ఈ దెబ్బ గట్టిదే. బావ కాసేపు నీళ్లు నమిలాడు.)

బావ: బయటినుంచి రాని బ్యాక్టీరియాని జన్యువు పుట్టించలేదు, ఒప్పుకుంటా. వచ్చినవాటిలో ఏది నిలదొక్కుకోవాలన్న దగ్గరే నా వాదన. ఐరోపాలో నాలుగు దేశాల్లో 1,016 ఆవుల్ని పరీక్షిస్తే, 39 రకాలు వంశాన్ని బట్టే ఎక్కువతక్కువలుగా ఉన్నాయి.

రవి: ఉన్నవాటిలో 39 ఎంత! డెన్మార్క్‌లో 750 ఆవులు వదిలే మీథేన్ కొలిచారు, అదే, పొట్టలోని సూక్ష్మజీవులు తయారుచేసే, భూమిని వేడెక్కించే వాయువు. తేడాల్లో 21 శాతం ఆవు జన్యువులది, 13 శాతం పొట్టలోని సూక్ష్మజీవులది. ఆ రెండూ చాలావరకు వేర్వేరు లెక్కలే. అంటే నీ జన్యువు మీథేన్‌ని తగ్గించినా, బ్యాక్టీరియా మీద పెత్తనం చేసి కాదు.

బావ: ఏ దారిన తగ్గితే ఏంటి, ఎక్కువ వాటా నాదేగా! మంచి ఆబోతు వీర్యం వాడితే ఆ గుణం దూడలకీ దిగుతుంది. నీ దాణా రోజూ కొనాలి.

రవి: నీ దూడ ఎదిగి ఈనేలోపు నేను మేత నాలుగుసార్లు మారుస్తా.