రైల్వే జోన్ల పంపకంలో పాత ఫోటోలు ఎవరి వాటా?

దక్షిణ కోస్తా రైల్వే జోన్ కథ అందరికీ తెలిసినదే. 2019 ఫిబ్రవరిలో ప్రకటన, ఆ తర్వాత ఏళ్ల తరబడి ఎదురుచూపులు, చివరకు వాల్తేరు డివిజన్‌ను విడదీసి విశాఖపట్నం డివిజన్‌ను కొత్త జోన్‌లోకి, రాయగడ డివిజన్‌ను తూర్పు కోస్తా రైల్వేలోకి చేరుస్తూ 2025 ఫిబ్రవరిలో కేంద్ర మంత్రివర్గ నిర్ణయం. విజయవాడ, గుంటూరు, గుంతకల్లు డివిజన్లు దక్షిణ మధ్య రైల్వే కేంద్రమైన సికింద్రాబాద్ అజమాయిషీ నుంచి విశాఖ అజమాయిషీలోకి మారే ఈ పంపకంలో సిబ్బంది ఎందరు, ఆదాయం ఎంత, ప్రధాన కార్యాలయం ఎక్కడ అన్న ప్రశ్నల మీద వాదోపవాదాలు కావలసినన్ని జరిగాయి. కార్యాలయాల బీరువాల్లోనూ వర్క్‌షాపుల్లోనూ లోకో షెడ్లలోనూ విశ్రాంత ఉద్యోగుల ఇళ్లలోనూ పడి ఉన్న పాత ఫోటోలు, గాజు పలకల నెగెటివ్‌లు, ఆల్బంలు ఎవరి వాటాకు వస్తాయన్న ప్రశ్న మాత్రం ఆ చర్చల్లో నాకు ఎక్కడా కనిపించలేదు. నా సమాధానం ముందే చెబుతాను: అవి ఎవరి వాటాకూ రాకూడదు. వాటిని పంచకుండా ఒకే జాబితాలోకి ఎక్కించాలి. ఆ జాబితా రాసే పని స్కానింగ్ యంత్రం కొనడానికి ముందే మొదలు కావాలి.

ఈ భయం ఊరికే పుట్టినది కాదు. ఇప్పటి కర్ణాటకలోని వాడి నుంచి సికింద్రాబాద్‌కు మార్గం 1874లో ప్రారంభమైంది. 1883లో లండన్‌లో ఏర్పడిన నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే కంపెనీ దాన్ని చేపట్టి, 1889 నాటికి దారిని బెజవాడ దాకా తెచ్చింది. 1930లో నిజాం ప్రభుత్వం దాన్ని కంపెనీ చేతుల్లోంచి తీసుకుంది, 1951లో అది మధ్య రైల్వేలో కలిసింది, 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే పుట్టినప్పుడు మళ్లీ చేతులు మారింది. కోస్తా మార్గానిది ఇంకా చిక్కు లెక్క. ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే పేరుతో 1890లలో వేసిన దారిని 20వ శతాబ్దపు తొలి ఏళ్లలోనే రెండు ముక్కలు చేసి, వాల్తేరుకు దక్షిణాన ఉన్నదాన్ని మద్రాసు రైల్వేకు, ఉత్తరాన ఉన్నదాన్ని బెంగాల్ నాగపూర్ రైల్వేకు అప్పగించారు. ఒక ముక్క మద్రాస్ అండ్ సదరన్ మరాఠా (ఎం.ఎస్.ఎం.) రైల్వే మీదుగా దక్షిణ రైల్వేకు, అక్కడి నుంచి దక్షిణ మధ్య రైల్వేకు వచ్చింది. రెండో ముక్క తూర్పు రైల్వే, ఆగ్నేయ రైల్వే దాటుకుని 2003లో తూర్పు కోస్తా రైల్వేకు చేరింది. గుంతకల్లు డివిజన్ 1977లో గానీ దక్షిణ మధ్య రైల్వేలోకి రాలేదు. ఇలా ఒక సంస్థ బోర్డు దించి మరొకటి ఎత్తిన ప్రతిసారీ భూమి రికార్డులు, వంతెనల డ్రాయింగులు, సర్వీసు రిజిస్టర్లు జాగ్రత్తగా బదిలీ అవుతాయి, ఎందుకంటే అవి లేకపోతే మర్నాడు పని సాగదు. ఫోటో లేకపోయినా రైలు నడుస్తుంది కనుక, ప్రతి పంపకంలోనూ ముందుగా దారి తప్పేది అదే.

దారి తప్పడమంటే పారేయడమే కానక్కర్లేదు. ఫోటో భద్రంగా ఉండి కూడా మూగదైపోవచ్చు, నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఈ రెండో నష్టమే. ఉదాహరణకు, షెడ్డు ముందు ఆగిన ఆవిరి ఇంజన్, దాని ముందు వరసగా నిలబడిన పది పన్నెండు మంది సిబ్బంది ఉన్న నలుపు తెలుపు చిత్రం ఒకటి దొరికిందనుకోండి. తేదీ లేదు, ఊరు లేదు. దాన్ని ఒప్పందం మీద వచ్చిన కుర్రవాడి చేతికిస్తే ‘పాత రైలు ఇంజన్, సిబ్బంది’ అని రాసి, స్కాన్ చేసి, తర్వాతి దాని మీదికి వెళతాడు. తప్పు అతనిది కాదు, అంతకు మించి అతనికి ఎవరూ చెప్పలేదు. అదే చిత్రాన్ని నెల్లూరు జిల్లా బిట్రగుంట షెడ్డులో జీవితం గడిపిన ఫిట్టర్ ముందు పెట్టి చూడండి. ముందు భాగం బుల్లెట్‌లా గుండ్రంగా ఉంది కాబట్టి ఇది డబ్ల్యూపీ అనే తరగతి ఆవిరి ఇంజన్, అంటే 1947కు ముందుది అయ్యే అవకాశమే లేదు. అయిదంకెల నంబరు ఉంది కనుక పాత కంపెనీల నంబర్లు తీసేసి దేశమంతటికీ ఒకే వరస పెట్టిన 1950ల చివరి తర్వాతిది. ఇంజన్ ముందు అడ్డంగా ఉండే బఫర్ బీమ్ మీద తెల్లరంగుతో బి.టి.టి.ఆర్. అని ఉంటే ఇంజన్ సొంత షెడ్డు బిట్రగుంటే. వెనక ప్రధాన మార్గం కనబడుతూ, దాని మీద కరెంటు స్తంభాలు లేవంటే విజయవాడ–గూడూరు మార్గం విద్యుదీకరణ జరిగిన 1980 ప్రాంతానికి ముందుది. చెయ్యి ఎత్తే సెమాఫోర్ సిగ్నల్ ఉందా, రంగు దీపాల సిగ్నల్ ఉందా అన్నది చూస్తే కాలం ఇంకాస్త దగ్గరకు వస్తుంది. ఎవరు డ్రైవరో, ఎవరు ఫైర్‌మనో, ఎవరు బొగ్గు తోసే ఖలాసీయో నిలబడిన తీరును బట్టే ఆయన చెప్పేస్తాడు. అదృష్టం ఉంటే ఇద్దరు ముగ్గురి పేర్లు కూడా చెబుతాడు. పావుగంటలో ఆ చిత్రానికి ఒక ఊరు, ఇరవై ఏళ్ల లోపు కాలం, ఒక తరగతి, కొందరు మనుషులు దొరికారు. ఇప్పుడది ఎవరైనా వెతికితే దొరికే చిత్రం.

మన ప్రభుత్వ సంస్థలు డిజిటలీకరణ అని పిలిచే పనిలో ఈ పావుగంటకు చోటు ఉండదు. టెండరు పిలుస్తారు, రోజుకు ఇన్ని చిత్రాలు అని లక్ష్యం పెడతారు, హార్డ్ డిస్కులు అందజేస్తూ ఫోటో దిగుతారు. ఆ హార్డ్ డిస్కులో ‘ఐఎంజీ_0001’ నుంచి వరసగా వేల ఫైళ్లు ఉంటాయి. 2018లో రైల్వే శాఖ గూగుల్ ఆర్ట్స్ అండ్ కల్చర్‌తో కలిసి తన వారసత్వ చిత్రాలను ఆన్‌లైన్‌లో పెట్టినప్పుడు నేనూ సంతోషించాను, ఇప్పటికీ అది మంచి పనే అంటాను. కానీ అందమైన కొన్ని చిత్రాలు ఏరి చూపించడం ప్రదర్శన. ఉన్నవన్నీ ఏమిటో, ఎక్కడివో, ఎవరి నుంచి వచ్చాయో రాసిపెట్టడం భాండాగారం (ఆర్కైవ్). మొదటిదానికి పతాక శీర్షికలు దక్కుతాయి, రెండోదానికి ఒక గుమాస్తా పోస్టు కూడా దక్కదు.

జాబితా రాయడంలో ఇంకొక మెళకువ ఉంది, భాండాగారాల వాళ్లకు అది అక్షరాభ్యాసం లాంటిది: ఒకే చోటి నుంచి వచ్చిన చిత్రాలను వేరు చేయకూడదు, అవి వచ్చిన వరసను చెరపకూడదు. ఉత్సాహవంతులైన అధికారులు చేసే మొదటి పొరపాటు ఇక్కడే జరుగుతుంది. ఆల్బంలు విప్పి, వంతెనలన్నీ ఒక పెట్టెలో, ఇంజన్లన్నీ ఒక పెట్టెలో, స్టేషన్లన్నీ ఒక పెట్టెలో వేస్తారు. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. 1956 సెప్టెంబరులో జడ్చర్ల–మహబూబ్‌నగర్ మధ్య వంతెన కూలి నూరు మందికి పైగా చనిపోయారు. ఆ ప్రమాదానికి బాధ్యత వహిస్తూ అప్పటి రైల్వే మంత్రి లాల్‌బహదూర్ శాస్త్రి రాజీనామా చేయబోతే నెహ్రూ వారించారు, తమిళనాడులోని అరియలూరు రైలు ప్రమాదం తర్వాత గానీ అది ఆమోదం పొందలేదు. అలాంటి ప్రమాద విచారణ ఫైలుకు గుండుసూదితో గుచ్చిన ఫోటోను తీసి ‘వంతెనలు’ పెట్టెలో వేస్తే, మిగిలేది విరిగిన గర్డర్ బొమ్మ. ఫైలులోనే ఉంటే అది సాక్ష్యం. విషయాల వారీ వెతుకులాట కావాలంటే ఆ పని కంప్యూటర్‌లోని జాబితా చేసిపెడుతుంది, దానికోసం కాగితాన్ని దాని ఇంటి నుంచి లాక్కురావలసిన పని లేదు.

ఇంగ్లండులో యార్క్ నగరపు నేషనల్ రైల్వే మ్యూజియంలో పది లక్షలకు పైగా రైల్వే చిత్రాలు ఉన్నాయంటే మనవాళ్లు నోరు వెళ్లబెడతారు. నన్ను ఆకట్టుకునేది ఆ అంకె కన్నా, అక్కడి డెర్బీ రైల్వే వర్క్‌షాపు అధికారిక ఫోటోగ్రాఫర్ల రిజిస్టర్లు. ప్రతి గాజు పలకకూ ఒక నంబరు, ఆ నంబరు ఎదురుగా తేదీ, విషయం. పలకతో పాటు ఆ పుస్తకమూ బతికింది కాబట్టే నూరేళ్ల తర్వాత కూడా ఆ సేకరణ మాట్లాడుతోంది. ఇంజన్ తయారీ కంపెనీలూ అంతే శ్రద్ధ చూపేవి. ఎరుపు రంగు అప్పటి ఫోటో పలకల మీద నల్లగా పడి వివరాలు మునిగిపోతాయని, కొత్త ఇంజన్‌కు తాత్కాలికంగా బూడిద రంగు వేసి మరీ ఫోటో తీసి, తయారీ సంఖ్యతో సహా దాచేవారు. వాల్తేరు వైపు మార్గాల యజమాని అయిన బెంగాల్ నాగపూర్ రైల్వేకు గారట్ అనే రకం భారీ ఆవిరి ఇంజన్లు చేసిపెట్టిన బేయర్ పీకాక్ కంపెనీ రికార్డులు ఈనాడు మాంచెస్టర్‌లోని మ్యూజియంలో ఉన్నాయి. ఆ ఇంజన్ పుట్టిననాటి వివరం కావాలంటే మాంచెస్టర్‌కు రాస్తే తెలుస్తుంది, అది మన దగ్గర గడిపిన జీవితం గురించి అడగాలంటే ఎవరికి రాయాలో తెలియదు.

పదార్థం సంగతి క్లుప్తంగానే చెబుతాను, దానికి నిపుణులు ఉన్నారు. గాజు పలకలను ఒకదాని మీద ఒకటి పేర్చకూడదు, ఆమ్లం లేని కాగితంలో చుట్టి అంచు మీద నిలబెట్టాలి. 20వ శతాబ్దపు తొలి సగంలో వాడిన నైట్రేట్ ఫిల్ము మంట పట్టుకుంటే ఆపతరం కాదు కాబట్టి దాన్ని వెంటనే వేరు చేయాలి. దాని తర్వాత వచ్చిన ఎసిటేట్ ఫిల్ము పాడవుతుంటే వెనిగర్ వాసన వస్తుంది, బీరువా తెరవగానే ముక్కుకు తెలిసిపోతుంది. మన కోస్తా వేసవి ఉక్కలో ఈ మూడూ ఒకే ఇనుప బీరువాలో ఉండడం కన్నా పెద్ద ప్రమాదం లేదు.

ఇదంతా విలాసమనేవారు ఉన్నారు. ప్రయాణికుల భద్రతకు, రైళ్లు ఢీకొనకుండా ఆపే కవచ్ వ్యవస్థకు పెట్టవలసిన సొమ్మును పాత బొమ్మల మీద పెట్టడమేమిటని వారి ప్రశ్న. పైగా అన్నిటినీ స్కాన్ చేసి వదిలేస్తే రేపు కృత్రిమ మేధ తానే పేర్లు పెట్టేస్తుందని ఒక ధీమా. నేను అడిగేది కవచ్ బడ్జెట్‌లో దూది పింజంత కూడా కాదు. కొందరు విశ్రాంత ఉద్యోగులకు దారి ఖర్చులు, భోజనం, ఒక గది, ఒక రిజిస్టరు. ఇక యంత్రం సంగతంటారా, అది ఇంజన్‌ను ఇంజన్ అని గుర్తుపట్టగలదు, నంబరు కూడా చదవగలదు, కానీ ఎడమ నుంచి మూడో మనిషి పేరు ఎక్కడా రాసి లేనప్పుడు ఎక్కడి నుంచి తెస్తుంది?

ఇక్కడ రైల్వేను ఒక్కదాన్నే నిందించడం న్యాయం కాదు. సరిహద్దు మార్చడంలో మనకున్నంత అనుభవం దేశంలో తక్కువ మందికి ఉంటుంది: 1953లో మద్రాసు నుంచి విడిపోయాం, 1956లో హైదరాబాద్‌తో కలిశాం, 2014లో మళ్లీ విడిపోయాం. ప్రతిసారీ నీళ్లు, అప్పులు, భవనాలు, ఉద్యోగులు లెక్కకు వచ్చారు. కాగితాలూ చిత్రాలూ ఎప్పుడూ చివరి వరసలోనే నిలబడ్డాయి. వేదిక మీద వారసత్వం గురించి గంట సేపు మాట్లాడగల నాయకుడికి తన సొంత శాఖ పాత రికార్డులు ఏ గదిలో ఉన్నాయో తెలిసి ఉండాలని మనం ఎన్నడూ అడగలేదు. ఆరో నిజాం ఆస్థాన ఛాయాచిత్రకారుడు, సికింద్రాబాద్‌లో స్టూడియో నడిపిన రాజా దీన్‌దయాళ్ గాజు పలకలు 2,800కు పైగా ఈనాడు భద్రంగా ఉన్నాయంటే, 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం వాటిని సంపాదించినందువల్ల. ఆ సంస్థకు ధన్యవాదాలు చెప్పాలి. హైదరాబాద్ ఆ పని ఎందుకు చేయలేదన్నది కూడా అడగాలి. 2025లో సికింద్రాబాద్ స్టేషన్ పాత భవనాన్ని కూల్చుతుంటే ఎందరో కన్నీళ్లు పెట్టుకున్నారు, ‘1874 నాటి కట్టడం’ అని రాసుకున్నారు. 1874 అక్కడ స్టేషన్ మొదలైన ఏడు. కూల్చిన గోడల్లో ఏది ఎప్పటిదో తేల్చడానికి పదేళ్లకొకటి చొప్పున తేదీ వేసిన ఫోటోలు వరసగా మన చేతిలో ఉంటే చాలేది. అప్పుడు దుఃఖానికి, నిరసనకు కూడా ఆధారం ఉండేది.

చట్టం అడ్డురాదు, పైగా తోడుంటుంది. 1993 నాటి పబ్లిక్ రికార్డుల చట్టం ప్రతి కేంద్ర ప్రభుత్వ కార్యాలయానికీ ఒక రికార్డు అధికారి ఉండాలంటుంది, 25 ఏళ్లు దాటిన రికార్డులను జాతీయ అభిలేఖాగారంతో (నేషనల్ ఆర్కైవ్స్) సంప్రదించి మదింపు చేయాలంటుంది. కాపీరైటు భయం కూడా చాలా వరకు అనవసరం: 1958కి ముందు తీసిన ఫోటోలకు పాత చట్టం ఇచ్చిన రక్షణ నెగెటివ్ తయారైననాటి నుంచి 50 ఏళ్లే, అది ఎప్పుడో తీరిపోయింది. ఆ తర్వాతి కాలపు చిత్రాలు, ముఖ్యంగా ఉద్యోగుల కుటుంబాల దగ్గర ఉన్నవి, తీసుకునేటప్పుడే ఒక పేజీ అనుమతి పత్రం రాయించుకుని, అసలు చిత్రం వారికే తిరిగి ఇచ్చేసి నకలు ఉంచుకోవచ్చు.

కాబట్టి జోన్ల మధ్య ఆస్తుల బదిలీ పత్రాలు తయారవుతున్నప్పుడే, ఫోటోల కోసం వేరే అనుబంధం ఒకటి చేర్చాలి. అసలు చిత్రాలు ఏ కార్యాలయంలో ఉన్నవి ఆ కార్యాలయంలోనే ఉండనివ్వండి. నంబర్ల వరస మాత్రం సికింద్రాబాద్‌కూ విశాఖకూ తూర్పు కోస్తా రైల్వే కేంద్రమైన భువనేశ్వర్‌కూ ఒకటే కావాలి, బెజవాడ అని వెతికినా విజయవాడ అని వెతికినా అదే చిత్రం రావాలి, చిత్రంలో ఉన్నది ఏమిటో తెలుగులోనూ రాయాలి. బ్రాడ్ గేజి మీద ఆవిరి యుగం 1995 డిసెంబరులో ముగిసింది. అప్పటికి డ్రైవర్లుగా ఉన్నవారిలో ఇంకా మన మధ్య ఉన్నవారు డెబ్బైల్లో, ఎనభైల్లో ఉంటారు. వారికి కబురు పంపడానికి కొత్త జోన్ ప్రధాన కార్యాలయ భవనం పూర్తయ్యే దాకా ఆగనక్కర్లేదు. బిట్రగుంట, గుంతకల్లు, డోర్నకల్, కాజీపేటల్లో ఆ కబురు ఈ నెలలోనే వెళ్లవచ్చు.